కుడిచేతి రక్తం తమ్ముడిది

దర్జీ కొట్టు, పొద్దున పదకొండు గంటలు. మిషను ముందు అన్నయ్య. కస్టమర్లు కూర్చునే స్టూలు మీద, ఆయనకంటే పదకొండు నిమిషాలు చిన్నవాడైన కవల తమ్ముడు. ఇద్దరికీ అరవై ఎనిమిదేళ్లు. తమ్ముడిది పక్క వీధిలో బేకరీ.

"అది కాదన్నయ్యా, ప్యాంటు సంగతి తర్వాత చూద్దాం. ముందు లేచి మా ఇంటికి రా. మీ మరదలి ఎదురుగా నిలబడి నిజం చెప్పు."

"ఏ నిజం?"

"ఏ నిజమట. ఆ ఉత్తరంలో రాసిన రక్తం నాది కాదు, నీది అని."

"మెల్లగా. బయట మనుషులున్నారు."

"ఎవరూ లేరు. కాజాలు కుట్టే ఆయన టీకి వెళ్లాడు. చూసే లోపలికొచ్చాను."

"సరే, లేచి నిలబడు. నడుం కొలుస్తా. చేతులు ఎత్తు."

"ఎత్తాను. చూడు, ఎంత చిక్కిపోయానో చూడు. మూడు వారాలు. పొద్దున ఉడకబెట్టిన ఆకులు, మధ్యాహ్నం ఉడకబెట్టిన వేరే ఆకులు, రాత్రికి ఆ రెంటిలో మిగిలినవి. మేకని పెంచినా ఇంతకంటే మర్యాదగా పెంచుతారు."

"రెండంగుళాలు తగ్గావు. మంచిదేగా."

"ఏం మంచిది? నేను బేకరీవాణ్ణి. పొట్ట ఉంటేనే జనానికి నా మీద నమ్మకం. నిన్న ఒకాయన అడిగేశాడు, ఏమయ్యా, నీ సరుకు నువ్వే తినడం మానేశావా అని."

"అసలు ఆ ఉత్తరం మరదలి చేతిలో ఎలా పడింది?"

"పోస్టులో వచ్చింది. నేను కొట్లో ఉన్నాను. విప్పేసింది. రక్తంలో చక్కెర మూడువందల పది, వెంటనే డాక్టరుని కలవండి అని ఉంది. అక్కడే కుర్చీలో కూలబడిందట. నేను ఇంటికి వెళ్లేసరికి వంటింట్లో చక్కెర డబ్బా మాయం. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించేలోపు జేబులో సిగరెట్లు మాయం."

"అప్పుడే చెప్పేయకపోయావా."

"ఏమని చెప్పను? కవలల మీద ఎవరో పరిశోధన చేస్తున్నారు, పన్నెండేళ్ల నుంచి మమ్మల్ని ఏడాదికోసారి పిలిచి రక్తం తీస్తున్నారు, కానీ ఎనిమిదేళ్ల నుంచి నా బదులు కూడా మీ బావగారే చేయి చాపుతున్నారు అని చెప్పనా? ఎడమచేతి రక్తం ఆయన పేరున, కుడిచేతి రక్తం నా పేరున అని చెప్పనా? ఇంట్లో ఉండనిస్తుందా?"

"నాకేమన్నా సరదానా? సూదంటే భయమని ఏడ్చింది ఎవరు? ఐదోసారి వెళ్లినప్పుడు నర్సు సూది బయటికి తీయగానే నిలువునా పడిపోయింది ఎవరు?"

"నేనే. కాదన్నానా."

"ఇద్దరిలో ఒకడు మానేస్తే రెండోవాణ్ణి కూడా తీసేస్తాం అన్నారు వాళ్లు. జంటగా ఉంటేనే లెక్కట."

"అందుకని నా చొక్కాలాంటి చొక్కా ఒకటి కుట్టుకుని, లోపల నా పొట్టంత దూది దిండు కట్టుకుని…"

"దిండు కాదు. లైనింగు. చాలా నీటుగా కుట్టాను దాన్ని."

"నీటుగానే కుట్టావు. ఆ నర్సు రెండోసారి నీకు సూది గుచ్చుతూ, మీ అన్నగారిని చూసి నేర్చుకోండి, కాస్త ఒళ్లు తగ్గించండి అని నీకే నీతులు చెప్పిందిగా."

"చెప్పింది. ప్రతి ఏడూ చెప్పింది."

"నువ్వు తల కూడా ఊపావు."

"ఊపకపోతే అనుమానం రాదూ?"

"ఇప్పుడేమైంది చూడు. తలూపింది నువ్వు, ఆకులు నేను తింటున్నాను."

"కదలకు. టేపు జారిపోతోంది."

"అన్నయ్యా, ఒక్క మాట. నా పేరున వచ్చిన ఉత్తరంలో అలా ఉంటే, నీ పేరున వచ్చిన దాంట్లో ఏముంది?"

"నాదా… నాది బాగుందని రాశారు. ఎప్పట్లాగే."

"భేష్ అని."

"ఆఁ. భేష్ అని."

"ఒకే రోజు, ఒకే మనిషి, గంట తేడా. ఎడమచేతిలో లేని చక్కెర కుడిచేతిలోకి ఎలా వచ్చింది?"

"ఏమో. సీసాలు తారుమారై ఉంటాయి."

"ఎవరి సీసాతో?"

"ఎవరిదో. నాకేం తెలుసు. నీ ప్యాంటుకి నడుం ఎంత పెట్టమంటావు?"

"మరి ఆ ఉత్తరం గోడకి కనబడదేం? పదకొండు ఉత్తరాలకి ఫ్రేములు కట్టించి పెట్టావు. అక్కడ మేకు కూడా కొట్టి ఉంది. ఫ్రేము లేదు."

"కట్టడానికి ఇచ్చాను."

"ఎవరికి?"

"ఫ్రేములు కట్టేవాడికి. ఇంకెవరికి ఇస్తారు?"

"ఆయన కొట్టు మూసి నాలుగు నెలలైంది. పెద్దకూతురి దగ్గరికి వెళ్లాడు. పొద్దున రొట్టె కొనుక్కోడానికి వచ్చేవాడు, నాకు తెలీదూ?"

"…ఇదిగో, ఈ సూదిలో కాస్త దారం ఎక్కించు."

"నువ్వు ఎక్కించలేవా?"

"వెలుతురు సరిగ్గా లేదు."

"పదకొండింటికి, తలుపు బార్లా తీసి ఉంటే, వెలుతురు లేదా?"

"ఎక్కిస్తావా లేదా? సూదంటే భయం కదూ, మర్చిపోయాను."

"కుట్టే సూది వేరు, గుచ్చే సూది వేరు. ఇటివ్వు. ఇదిగో. నీ కళ్లకేమైంది?"

"ఏమీ కాలేదు. వయసు."

"నాదీ అదే వయసు. పదకొండు నిమిషాలు తక్కువ."

"నీ సంగతి వేరు. నిన్ను దేవుడు వేరే చేత్తో చేశాడు. పొద్దున తొమ్మిదింటికి లేస్తావు. పెట్టె సిగరెట్లు కాలుస్తావు. వీధి మలుపు దాకా వెళ్లాలన్నా స్కూటరు తీస్తావు. ఎప్పుడు చూసినా చేతిలో ఒక కేకు ముక్క. నేను నాలుగున్నరకి లేచి, వాన వచ్చినా ఎండ వచ్చినా ఐదు కిలోమీటర్లు. నలభై ఏళ్లు. ఒక్క చెంచా చక్కెర ఎరగను. నా పెళ్లిరోజున కూడా ఎరగను. మీ వదిన ఇప్పటికీ దెప్పుతుంది."

"దెప్పదా మరి. కొత్త పెళ్లికూతురు నోట్లో మిఠాయి పెట్టబోతే చెయ్యి పక్కకి నెట్టావు."

"నాన్నది చూశాను కాబట్టి నెట్టాను."

"నేనూ చూశాను."

"నువ్వు చూసి మర్చిపోయావు. నేను మర్చిపోలేదు. యాభై రెండేళ్లకి మొదలు. ముందు బొటనవేలు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. ఆ ప్యాంటు ఒక కాలు మడిచి కుట్టింది ఎవరు? నేనే. పద్దెనిమిదేళ్ల వయసులో నేను సొంతంగా చేసిన మొదటి పని అది."

"తెలుసు."

"బాబాయికి యాభై ఐదు. చిన్నత్తకి అరవై నిండలేదు."

"తెలుసన్నయ్యా. ఎందుకిప్పుడు అవన్నీ?"

"నువ్వే కదా మొదలుపెట్టింది."

"నేను ఆకుల గురించి మొదలుపెట్టాను. నువ్వు ఊరుకోకుండా శ్మశానం దాకా తీసుకెళ్లావు. ఆ నీళ్ల సీసా ఎందుకలా పక్కన పెట్టుకున్నావు? నేనొచ్చాక మూడోసారి తాగడం."

"ఉక్కగా ఉంది."

"ఫ్యాను నీ మీదే తిరుగుతోంది."

"నువ్వు బేకరీవాడివా, పోలీసువా?"

"లే. ఒక్కసారి లేచి నిలబడు."

"ఎందుకు?"

"నన్ను కొలిచావుగా. నేను నిన్ను కొలుస్తా. ఆ టేపు ఇటివ్వు."

"వెధవ వేషాలు వెయ్యకు. పని ఉంది నాకు."

"ఇందాక నన్ను కొలిచేటప్పుడు చూశాను, నీ ప్యాంటు వెనకాల కుట్టు కొత్తగా ఉంది. దారం రంగు కూడా వేరు. ఎంత లోపలికి తీసుకున్నావు?"

"…అంగుళమున్నర."

"ఎప్పుడు?"

"రెండు నెలలైంది."

"తర్వాత మళ్లీ తీసుకున్నావా?"

"పోయిన ఆదివారం. ఇంకో అంగుళం."

"మరి నేను రెండంగుళాలు తగ్గితే మంచిదేగా అన్నావు. నువ్వు రెండున్నర తగ్గావు. నీకింకా మంచిదా?"

"ఒరేయ్…"

"ఉత్తరం ఎక్కడుంది?"

"ఏ ఉత్తరం?"

"ఏ ఉత్తరం అంటే కొడతాను. తమ్ముణ్ణని కూడా చూసుకోను."

"అన్నవని చూసుకోనని అనాలి."

"రెండూ చూసుకోను. ఎక్కడుంది?"

"బీరువాలో. కోటు గుడ్డల కింద."

"ఏముంది అందులో?"

"నీ దాంట్లో ఉన్నదే. నీకు మూడువందల పది. నాకు మూడువందల పన్నెండు."

"రెండెక్కువ."

"పెద్దవాణ్ణి కదా."

"నవ్వకు. వదినకి తెలుసా?"

"ఎవరికీ తెలీదు. తెలియకూడదు కూడా. నా వెనకాల నడిచేవాళ్లు ఎంతమందో తెలుసా నీకు? పద్నాలుగు మంది. తెల్లవారకముందే నన్ను చూసి నడకకి లేచేవాళ్లు. పోయినేడు ఆ పరిశోధనవాళ్లు పుస్తకంలో రాశారే, గుర్తుందా?"

"గుర్తులేకేం. కొట్లో అతికించాను. రోజూ ఐదు కిలోమీటర్లు నడిచే దర్జీకి, రోజూ పెట్టె సిగరెట్లు కాల్చే బేకరీవాడికి రక్తంలో వెంట్రుకవాసి తేడా లేదు. కాబట్టి ఆయుష్షు అలవాట్లలో లేదు, పుట్టుకలోనే ఉంది. ఆ వారం నా అమ్మకాలు రెట్టింపయ్యాయి."

"నా పద్నాలుగు మంది ముగ్గురయ్యారు. రిటైరైన లెక్కల మాస్టారు నా మొహం మీదే అన్నాడు, ఇంకెందుకండీ ఈ అవస్థ, హాయిగా పడుకుంటాను అని. నేను నోరు మూసుకున్నాను. ఏమని చెప్పను? వెంట్రుకవాసి తేడా లేదంటే ఎలా ఉంటుందయ్యా, రెండూ నా రక్తమే అని చెప్పనా?"

"నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు."

"నీ కోసం తవ్వాను."

"నా కోసం కాదు. ఏడాదికొక భేష్ కోసం."

"అదీ నిజమే. ఆ కాగితం వచ్చిన రోజు నాకు నిద్ర పట్టేది కాదు, సంతోషంతో. నాన్నది నాకు రాలేదు, నేను ఆపాను అనుకునేవాణ్ణి. ఇంకో ఏడు ఆపాను. ఇంకో ఏడు."

"డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నావు?"

"వెళ్లను."

"ఏంటీ?"

"వెళ్లనురా. ఎందుకెళ్లాలి? నడవండి అంటాడు. నడిచాను. తీపి మానేయండి అంటాడు. నలభై ఏళ్ల కింద మానేశాను. పొద్దున్నే లేవండి, ఒళ్లు తగ్గించండి. ఇంకేం చెప్తాడు నాకు? ఆయన చెప్పేవన్నీ నేను చేసేశాను. అన్నీ చేశాకే వచ్చింది."

"మందులిస్తాడు."

"నాన్నకి ఇవ్వలేదా?"

"నాన్న వేసుకున్నాడా? జేబులో పెట్టుకుని వీధి చివర పారేసేవాడు. మనిద్దరం చూడలేదూ?"

"వేసుకుంటే మాత్రం ఏమయ్యేది. అది రక్తంలో రాసి ఉంది. పుట్టినరోజే రాసి ఉంది. నేను ఎంత వంగి దణ్ణం పెట్టినా వచ్చేదే, వచ్చింది. ఆ పుస్తకంలో రాసింది తప్పు రక్తంతో రాసినా, రాసిన మాట మాత్రం నిజం."

"ఎలా నిజం?"

"ఎలాగా? నిన్ను చూసుకో. నువ్వు చెయ్యని పాపం లేదు. నీకు రాలేదు. నేను ఒక్క పాపం చెయ్యలేదు. నాకొచ్చింది. ఇంతకంటే ఏం రుజువు కావాలి?"

"అన్నయ్యా…"

"నిజం చెప్పనా? నిన్ను చూస్తే నాకు కుళ్లుగా ఉంది. చచ్చేంత కుళ్లుగా ఉంది. ఈ మూడు వారాలు నీ కొట్టు ముందు నుంచి నడవడం కూడా మానేశాను. లోపల కుర్చీలో కాళ్లు చాపుకుని, పొగ వదులుతూ, ఎవరితోనో పకపకా నవ్వుతుంటావు. వీడూ నేనూ ఒకే కడుపులో పక్కపక్కనే పడుకున్నామే, వీడికి ఎందుకిలా, నాకు ఎందుకిలా అనుకుంటాను. ఇంటికొచ్చి మళ్లీ సిగ్గేస్తుంది. పోనీలే, వాడికన్నా రాలేదుగా, వాడి కాళ్లన్నా ఉంటాయిగా అనుకుంటాను. అదీ నిజమే. రెండూ నిజమే."

"నీ కాళ్లూ ఉంటాయి."

"నువ్వు చెప్తే సరిపోతుందా? మీ వదిన అడిగితే ఒంట్లో బాగానే ఉందని చెప్తాను. ఎన్నాళ్లు నడిస్తే అన్నాళ్లు నడుస్తుంది. నలభై ఏళ్లు నడిచిన నడకంతా గంగలో కలిసింది. ఇంకొక మనిషి చెప్తే వినే ఓపిక నాకు లేదు."

"నేను మనిషిని కాదు. తమ్ముణ్ణి."

"నువ్వు చెప్తే అసలే వినను. రేపు నువ్వు నీ రక్తం నువ్వే ఇచ్చి చూడు. భేష్ అని వస్తుంది. నాకు తెలుసు."

"రాదు."

"వస్తుందిరా. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది."

"అన్నయ్యా, మా బేకరీలో వెనక గదిలో చిన్న ఫ్రిజ్ ఉంది. చూశావా ఎప్పుడైనా?"

"ఈస్టు పెట్టుకునేదేగా."

"అదే. ఈస్టు డబ్బాల వెనక ఇంకో డబ్బా ఉంటుంది. మీ మరదలు ఎప్పుడూ ఆ ఫ్రిజ్ తెరవదు. ఈస్టు వాసన తనకి పడదు."

"ఏముంది అందులో? సీసానా? ఇప్పుడు తాగుడు కూడా మొదలెట్టావా?"

"సీసాలే. చిన్నవి. ఇన్సులిను."

"ఎవరికి?"

"పొద్దున కొట్టు తెరిచే ముందు ఒకటి, రాత్రి షట్టరు దించే ముందు ఒకటి. పొట్టలో పొడుచుకుంటాను. ఇదిగో, చొక్కా ఎత్తుతున్నా చూడు. ఈ మచ్చలు."

"ఇవి… ఇవేంటిరా? సూదంటే పడిపోయేవాడివి కదరా."

"ఐదోసారి అక్కడ పడిపోయింది నాటకం. దానికి వారం ముందే కాలి మీద పుండు మానడం లేదని వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాను. చూసి చెప్పాడు. ఆ రోజు నా రక్తం ఇస్తే ఆ కాగితం నీకూ తెలిసేది. నీది నాది ఒకే రక్తం. రేపో మాపో నాకూ అని రోజూ చస్తూ బతికేవాడివి. నీకు తెలియనివ్వకూడదు అనుకున్నాను, అంతే."

"ఎనిమిదేళ్లు… ఎనిమిదేళ్లు నా దగ్గర దాచావా?"

"దాచాను. కేకు చేత్తో పట్టుకుని తిరుగుతాను, తినేది తక్కువ. అస్సలు తిననని అనను, అబద్ధమెందుకు. సిగరెట్లు మానలేదు, అది నా తప్పు. మీ మరదలు వేరేవాడి కాగితం చూసి సరైన వైద్యమే మొదలుపెట్టింది, ఎనిమిదేళ్లు ఆలస్యంగా. నా తిండి గురించి గోల చెయ్యడానికి రాలేదన్నయ్యా నేను. ఉత్తరం చదివిన క్షణమే అది నీ రక్తమని తెలిసింది. మూడు వారాలు ఎదురుచూశాను, నువ్వే వచ్చి చెప్తావని. చెప్పలేదు."

"కాళ్లు… నీ కాళ్లు?"

"రెండూ ఉన్నాయి. లెక్కపెట్టుకో. వేళ్లు కూడా పదీ ఉన్నాయి. మందు వేసుకుంటే ఉంటాయి. లే, చొక్కా మార్చుకో. నా డాక్టరు ఒంటిగంట దాకా ఉంటాడు."

"ఒరేయ్, ఆగరా. ఇద్దరికీ వచ్చిందంటే ఇంకేముంది? అంతా పుట్టుకలోనే ఉందనేగా. మరి నేను నడిచి ఏం సాధించినట్టు?"

"ఒకే కడుపు, ఒకే రక్తం. నాకు అరవై ఏళ్లకి వచ్చింది. నీకు ఇప్పుడొచ్చింది. మధ్యలో ఉన్న ఎనిమిదేళ్లూ నువ్వు నడిచి సంపాదించుకున్నవే అన్నయ్యా."